మడమ

పర్లాకిమిడి నుంచి మూడున్నరకే బయల్దేరాల్సిన జీపు
నాలుక్కి కదిలింది.
పదకొండు మందిమి, పన్నెండో సీటులో పులిహోర డేక్సా.
కూర్మనాథం కోసం మలుపులో హారన్ మోగించీ మోగించీ
వీధి కుక్కలన్నిట్నీ లేపాం.
వచ్చాడు, గడువు దాటాక కరెంటు బిల్లు కట్టే మనిషిలా
తల వంచుకుని నవ్వుతూ.
కాన్వాసు బూట్లు. ఎడమదానికి మడమ దగ్గర
సైకిల్ ట్యూబు అతుకు.

మహేంద్రగిరి మీదికి జీపు వెళ్తుంది, మాకు తెలుసు.
అయినా నడిచే ఎక్కాలని పంతం.
ఎవరి మీద పంతమో ఎవరూ అడగలేదు.

కొండ కింద ఎస్తేరు రయితో కాచుకుని ఉంది,
సవర పిల్ల, పందొమ్మిదేళ్లుంటాయేమో,
హవాయి చెప్పులు, చేతిలో చిన్న కత్తి.
మా బూట్లన్నీ ఒకసారి చూసింది. ఏమీ అనలేదు.
"రెండుకి ఎక్కడుంటే అక్కడ్నించే తిరగాల.
నా మాట కాదు, పొద్దు మాట" అంది.

పనసచెట్లు దాటాక, కుండ కట్టిన జీలుగు దాటాక
దారి నిలువునా లేచింది.
మోకాళ్లు గడ్డానికి తగుల్తున్నాయి.
జలగలకి ఉప్పు పొట్లం చేతులు మారుతోంది.
మాటలు తగ్గాయి, తర్వాత మాటలే లేవు,
పదిమంది ఊపిరి, ఒకే కొలిమితిత్తిలా.

ప్రతి మలుపులో కూర్మనాథం కోసం కూర్చునేవాళ్లం,
నీళ్లు తాగేవాళ్లం, అతన్ని తిట్టేవాళ్లం.
అతను కనపడగానే లేచి నడిచేవాళ్లం.
మా అలుపు తీరేది.
అతనికి అలుపు తీర్చుకునే వంతే రాలేదని
ఆ పూట నాకు తట్టలేదు.

రెండయింది. ఎస్తేరు ఆగింది.
"అదిగో, కనిపిస్తోంది కదా" అన్నాం పదిమందిమీ.
ఆ పిల్ల ఆకాశం వైపు చూసి దారిచ్చింది.

శిఖరం మీద మంచు.
భీముడి గుడి రాళ్లు చేతికి తగిలాకే కంటికి కనిపించాయి.
"సముద్రం అటు" అని బిపిన్ బాబు వేలు చూపించాడు.
అందరం ఆ వేలినే చూశాం.
గాలికి మెతుకులు ఎగిరిపోతుంటే పులిహోర తిన్నాం.
కూర్మనాథం వచ్చేసరికి చేతులు తుడుచుకుంటున్నాం.
డేక్సా అడుగున మాడిన వేరుశనగలు.
గీక్కుని తిన్నాడు. బావుందన్నాడు.

దిగేటప్పుడు ఎస్తేరు గడ్డం ఎత్తి చూపించింది:
"ముందు ఆయన."
గొణిగాం, చీకటైపోతుందన్నాం.
"ఎనకుంటే ఆయన పోతాడు.
ముందుంటే అందరూ వస్తారు."

అతని వెనక నేను.
అరగంటకే చీకటి చెట్ల కాళ్ల దగ్గర్నించి పైకి పాకింది.
నా సెల్లు వెలుగు అతని ఎడమ మడమ మీద,
ఆ నల్లటి అతుకు మీద,
ఇక నాకు లోకమంటే అదే.
రైస్ మిల్లులో ముప్పై ఏళ్లుగా కాటా వేసే మనిషి.
పాదం పక్కగా పెట్టి, రాయి ఊ అనేదాకా
బరువు వెయ్యడు.
రాయి ఊ అంటే
నేనూ అక్కడే పెట్టేదాన్ని,
నా వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు.
ఒక్కసారి జారాను. అతని భుజం దొరికింది.
"నిదానం, అప్పా" అన్నాడు, తల తిప్పకుండా.

జీపు దగ్గర ఎస్తేరు మా నెత్తులు తడుముతూ లెక్కపెట్టింది.
పదకొండు.
దీపం ఇస్తామంటే వద్దంది.
రెండడుగుల్లో చీకటి ఆమెని తనలో కలిపేసుకుంది.

కూర్మనాథం బూటు విప్పితే సాక్సు నిండా నెత్తురు.
ఉప్పు పొట్లం వెతికాను.
పొద్దున్నే అయిపోయింది, మా కాళ్లకి.

ఫోటోలన్నిట్లో మా వెనక తెల్లగోడ ఒకటే.
చూసినవాళ్లు ఎక్కడిదని అడుగుతారు.

సోమవారం బజారులో కనపడ్డాడు,
నా ముందే నడుస్తున్నాడు, అవే బూట్లు,
అతుకు సగం ఊడి టపటపమంటోంది.
కూరల సంచీ బరువుగా ఉంది, ఎండ మండిపోతోంది.
దాటి వెళ్లిపోవచ్చు.
వెళ్లలేదు.